ఆదిశేషుగారి కుశలప్రశ్న

ఆదిశేషుగారు ఎదురుపడితే నమస్కారం పెట్టరు, ఎండల గురించి అడగరు. "దొడ్డికెల్లేవేటి?" అని అడుగుతారు. అదీ రాయగడ బజారంతా వినేలా. పెళ్ళికొడుకుని అడిగారు, ఎస్సైని అడిగారు, కాశీపూర్ వైపు నుంచి ఉప్పూ మిరపకాయలూ కొనడానికొచ్చే ముసలమ్మల్ని ఒడియాలో "ఝాడా హెలా?" అని అడిగారు. ఎదుటివాళ్ళు నీళ్ళు నములుతూంటే, "నాకు పొద్దున్న అయిదింటికే అయిపోనాది, సుబ్బరంగా!" అని తన సంగతి ముందు ఒప్పజెప్పేస్తారు.

ఆయనకి కోరాపుట్ రోడ్డులో టోకు కిరాణా కొట్టు. ఆ మేడమీద వాటాలో మేం అద్దెకుంటాం. నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. అంటే మెట్లు దిగేటప్పుడొకసారి, ఎక్కేటప్పుడొకసారి, నా పొట్ట సంగతి రోడ్డున పడుతుంది. పదకొండేళ్ళుగా! ఇల్లు మారదామంటే స్టేషన్‌కి ఇంత దగ్గరలో ఇంకోటి దొరకదు. నా ఖర్మ.

కొట్లో దేవుడి పటం ఉండాల్సిన చోట బళ్ళో పెట్టే జీర్ణవ్యవస్థ పటం ఉంటుంది. పక్కన మేకుకి ఇరవై అడుగుల పురికొస. శనగపప్పు కోసం వచ్చినవాడి చేతికి ఒక కొస ఇచ్చి, రెండో కొస పట్టుకుని ఆయన రోడ్డు దాటేస్తారు.

"సూడు! ఇది నీ సిన్నపేగు. ఇంత పొడుగూ మడతెట్టుకుని నీ కడుపులో కూకుంది. తిన్నదాన్లో సారం లాగీసేది ఇదే. పెద్దపేగు అయిదడుగులే, నీళ్ళు పీల్సుకుంటాది."

"శేషుగారూ, శనగపప్పు..."

"శనగపప్పా? పొట్టలోనే నాలుగు గంటలు పడతాది. తొందరేటి?"

ఓసారి నా కొత్త చొక్కా చేతిలోంచి బంగాళాదుంపని పిసుకుతూ తోశారు. "పేగు ముద్దని ఇలాగే తోస్తాది బాబూ. తలకిందులుగా యాలాడదీసి తినిపించినా కడుపులోకే ఎల్తాది." దుంప మోచేతి దగ్గర ఇరుక్కుంది. కుట్లు ఊడాయి. చొక్కా నేను వేసుకునే ఉన్నాను.

ఇంతలో మా అత్తగారు తవిటమ్మగారు కూతుర్ని చూద్దామని పార్వతీపురం నుంచి వచ్చారు. అల్లుడి గొంతు వినబడితే చాలు, తలుపు చాటుకి వెళ్ళిపోయే పాతకాలం మనిషి. వచ్చిన మూడోరోజే కడుపునొప్పితో గిలగిల్లాడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్తే పేగు మెలిపడిందన్నారు. ఆపరేషన్ చేశారు.

"అంతా బాగుంది. కానీ కింద నుంచి గాలి పోయేదాకా నోట్లో చుక్క నీళ్ళు పొయ్యకూడదు. పేగు మళ్ళీ కదిలిందనడానికి అదే గుర్తు. లేపి నడిపించండి" అన్నారు డాక్టర్ బిశ్వజిత్, ఒడియా యాస తెలుగులో.

నాలుగు రోజులు గడిచాయి. గాలి లేదు. ఆవిడ లేవనూ లేదు. దుప్పటి మెడదాకా కప్పుకుని, గోడవైపు తిరిగి, కర్రలా పడుకున్నారు. పొట్ట ఉబ్బుతోంది. పెదాలు పగిలిపోతున్నాయి. నేను సెలవు పెట్టి మంచం పక్కన స్టూలు మీద నుంచి కదల్లేదు. మా ఆవిడ సుజన మూలకెళ్ళి ఏడుస్తుంది, మొహం కడుక్కుని వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. డాక్టరు వచ్చి అడగడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. అయిదో రోజు పొద్దున్న ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"సాయంత్రానికి కాకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళండి. మళ్ళీ కోయాల్సి రావచ్చు."

డెబ్భై ఏళ్ళ ప్రాణం. రెండోసారి తట్టుకోదని నాకు తెలిసిపోయింది. అయిదింటికి రమ్మని అంబులెన్సుకి ఫోన్ చేశాను. నాకు ఆశ అన్నదే మిగల్లేదు.

నాలుగింటికి దిగబడ్డారు ఆదిశేషుగారు, ఆడవాళ్ళ వార్డులోకి.

"తవిటమ్మప్పా! గాలొదిలేవేటి?"

పన్నెండు మంచాలూ ఉలిక్కిపడ్డాయి. అత్తగారు దుప్పటి తలమీదికి లాక్కున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"నానైతే పొద్దున్నించీ నాలుగుసార్లొదిలీసేను! ఆటోవోడు బండాపి దిగిపోయేడు!"

ఎవరో కిసుక్కుమన్నారు. మూల మంచం మీది ముసలామె కుట్లు పట్టుకుని నవ్వింది. ఆయన దుప్పటి ముసుగు చూశారు, నా స్టూలు చూశారు.

"నువ్వెన్నాళ్ళయి ఇక్కడ కూకున్నావు బాబూ?"

"నాలుగు రోజులు. క్షణం కదల్లేదు" అన్నాను, కాస్త గర్వంగానే.

"నీ బక్తి సల్లగుండ! అల్లుడు ఎదురుగా కూకుంటే అత్తగారు నైటీతో ఎలాగ లెగుస్తాదయ్యా? గాలెలాగొదుల్తాది? బిగబట్టుకుని సచ్చిపోతంది. నడు బయిటికి!"

రెక్క పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చారు. నలుగురి మధ్యా ఇలా చేస్తారా అని తిడదామని నోరు తెరిచాను. చూస్తే ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"ఆడోల వార్డులో అలగ అరిసీసరికి సిగ్గుతో సచ్చిపోనాను బాబూ" అంటూ బెంచీ మీద కూలబడ్డారు.

"మీకు సిగ్గుందా?" అన్నాను. నిజంగా తెలియకే అడిగాను.

"ఎందుకుండదు? మాయింటిదాన్తో సెప్పడానిక్కూడా సిగ్గే నాకు. మాయమ్మకి ఆర్నెల్లు దొడ్డికెల్తే నెత్తురు పడింది. సిగ్గుపడి ఎవులికీ సెప్పనేదు. మేమూ అడగనేదు. తెలిసీసరికి సెయ్యడానికేటీ మిగల్నేదు. ఒకడు ముందు సిగ్గొదిలీస్తే ఎదటోడికి నోరొస్తాది గదా అని..."

ఆయన తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నారు. పక్కన కూర్చున్నాను.

గంట గడిచింది. అంబులెన్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. అయిపోయింది, ఇంక తీసుకెళ్ళాల్సిందే అని లేచాను. అంతలో వార్డులోంచి గోల. పన్నెండు మంచాలూ ఒక్కసారి అరిచాయి. నర్సు పరిగెత్తింది, వెనకే డాక్టరు.

సుజన బయటికొచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"మీరెళ్ళగానే లెగిసింది. నా భుజం పట్టుకుని నాలుగుసార్లు అటూ ఇటూ నడిసింది. అంతే! ఒకటి కాదండీ, మూడు! చెంచాతో నీళ్ళిమ్మన్నారు డాక్టరుగారు. మూల మంచం ముసలమ్మ కూడా ఏదో బాధ దాచుకుందిట, ఇప్పుడు నర్సుని పిలిచి చెప్పుకుంటంది."

నేను లోపలికి పరిగెత్తబోయాను. సుజన గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మిమ్మల్ని రావొద్దంది. రేపు కూడానట. ఎల్లుండి సంగతి ఆలోచించి చెప్తాదట."

అంత సంతోషంగా నన్నెవరూ ఎప్పుడూ గెంటెయ్యలేదు.