పప్పుల అంగడిలో ఆకలి

మొన్న మధ్యాహ్నం, రాబర్ట్‌సన్‌పేటలో మా అంగడి మేడమీద ట్యూషన్ గదిలో ఎవరో ఆడపిల్ల గొంతెత్తి పాఠం వల్లె వేస్తోంది. అమినో ఆమ్లాన్ని టీఆర్ఎన్ఏకు అతికించే ఎంజైము గురించి. కింద నేను ఒకావిడకు కందిపప్పు తూస్తున్నాను. ఆ మాట చెవిన పడి తూకం మరిచాను. తక్కెట్లో పప్పు ఎక్కువే పడింది. ఆవిడ గబుక్కున సంచి పట్టింది. పదో తరగతి దాటని నాకు ఆ పాఠం ఎలా తెలుసో చెప్పాలంటే, మా తమ్ముడి కూతురి సంగతి చెప్పాలి.

మా తమ్ముడు పెళ్ళాడింది మా అక్క కూతురినే. మావైపు వ్యాపారస్తుల ఇళ్ళలో అది ముచ్చటైన సంబంధం. పిల్లకు అత్తగారంటే అమ్మమ్మే, నగలు వీధి దాటవు, పెట్టుపోతల దగ్గర అలకలుండవు. బిడ్డ పుట్టినప్పుడు మా అమ్మకు ఒకవైపు మనవరాలు, ఇంకోవైపు మునిమనవరాలు. ఒకే బిడ్డకు రెండు వరసలు కలిసొచ్చాయని మురిసిపోయిన రకం నేను. సంతలో చింతపండు కొన్నా కొసరు లేనిదే కదలను కదా.

బిడ్డ మాత్రం పెరగలేదు. పాలు తాగేది, ఒంటికి పట్టేవి కావు. జ్వరం తగిలినప్పుడల్లా కళ్ళు పచ్చబడేవి. అక్క బూదికోట వైపు ఎవరో ఇచ్చే పసరు తెచ్చింది. నేను పెసరకట్టు పట్టించమన్నాను. చివరికి బెంగళూరులో రక్తపరీక్షలు చేయించాక ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. తిన్న పప్పూ తాగిన పాలూ అరిగి అమినో ఆమ్లాలవుతాయట. కణంలో ప్రోటీను అల్లే చోటికి వాటిని మోసుకెళ్ళేది టీఆర్ఎన్ఏ. ఏ ఆమ్లాన్ని ఏ టీఆర్ఎన్ఏకు కట్టాలో ఎరిగిన ఎంజైములు వేరే ఉంటాయి. కొన్నయితే తప్పు సరుకు కట్టినా విప్పి పారేస్తాయి. మా బిడ్డలో లూసిన్ అనే ఆమ్లాన్ని కట్టే ఎంజైము నీరసం. నాకు అంగడి భాషలో అర్థమైంది: గోడౌను నిండా సరుకుంది, బండ్లూ ఉన్నాయి, ఎక్కించే చేతిలోనే సత్తువ లేదు.

“అట్లయితే ఇంగా ఎక్కువ పప్పు పెడతాం తల్లీ. మా అంగడి నిండా ఉండాది,” అన్నాను.

“లూసిన్‌కు కొదవ లేదండీ. కట్టేదానికే బలం లేదు. జ్వరం వస్తే ఇంకా కుంగిపోతుంది. ముందు దెబ్బతినేది కాలేయం.”

“ఆ ఎంజైము యాడన్నా దొరుకుతుందా? మద్రాసైనా, బొంబాయైనా సరే. రేటు సంగతి నేను చూసుకుంటా.”

“దొరకదు.”

సిగ్గు లేకుండా అడిగాను, “పోనీ, సగం బలమన్నా తెప్పించలేరా తల్లీ?”

“సగముంటే ఈ బిడ్డ ఇక్కడికి వచ్చేదే కాదు,” అందామె. “అమ్మానాన్నలకు ఉన్నది సగమే. వాళ్ళు బాగానే ఉన్నారు కదా.” తర్వాత, “వాళ్ళిద్దరికీ ముందునుంచి చుట్టరికమా?” అని అడిగింది.

పక్కనే ఉన్న అక్క కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. “బయటోళ్ళెవురూ కాదమ్మా. సొంత మేనమామే. ముక్కూమొగం తెలీనోళ్ళకు బిడ్డనిచ్చే రకం కాదు మేము.”

డాక్టరమ్మ కాగితం మీద మా వంశవృక్షం గీసింది. ఇంట్లో పెద్దలెవరిలోనో ఉన్న ఒక లోపం అక్క ద్వారా ఒకటి, తమ్ముడి ద్వారా ఒకటి దిగి, బిడ్డలో రెండూ కలిశాయని మెల్లగా చెప్పింది. ఒళ్ళో బిడ్డతో ఉన్న మా అక్క కూతురు తలతిప్పి తల్లిని చూసింది.

జ్వరం తగలకుండా చూసుకోమన్నారు. అంగడిలో ఎవరు దగ్గినా నేను ఇంట్లోకి పోయేముందు స్నానం చేసేవాణ్ణి. అయినా వానాకాలంలో జ్వరం వచ్చింది. ఒళ్ళంతా పసుపు పూసినట్టయింది. బెంగళూరు తీసుకుపోతుంటే, బంగారుపేట దాటకముందే కారులో మా అక్క కూతురు, “పెద్దమామా, బిడ్డ సల్లగా ఉండాదే,” అంది. తమ్ముడు కారు ఆపలేదు. ఇంకా కొంతదూరం అలాగే నడిపాడు.

కర్మలైన రోజు ఆ పిల్ల వంటింట్లో తల్లిని అడిగింది, “నన్ను బయటోళ్ళకు ఇచ్చింటే బిడ్డ బతికిండునేమో కదమ్మా?” అక్క పొయ్యిమీది పాలు పొంగుతున్నా దించలేదు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ ఒకే ఇంట్లో తిరుగుతారు, ఉప్పుందా, నీళ్ళొచ్చాయా అన్నంతవరకే మాటలు.

ఇంకో బిడ్డ ఊసు ఎవరూ ఎత్తలేదు. మేమందరం ఆ వానాకాలంలోనే ఉండిపోయాం. బిడ్డ మాత్రం నా లెక్కలో ఏటికేడూ పెరుగుతూ, ఈ జూన్‌కు బడి ఈడుకు వచ్చింది.