బావగారు చెప్పమన్నారు

సీట్లమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. బస్సులకీ వ్యాన్లకీ సీట్లు కుట్టడం ఆవిడ పని. ఇంటి కింది భాగమే కార్ఖానా. గుమ్మంలో అడుగు పెడితే రెక్సిన్ వాసన, కాళ్ళకి అడ్డం పడే ఫోము ముక్కలు, మోటారు మిషను రొద. ఆ పని ఆవిడకి భర్త నేర్పాడు. ఆయన ఒకరోజు సీటు బిగిస్తూ బిగిస్తూనే గుండె పట్టుకుని కూలిపోయాడు. కళ్ళు పూర్తిగా ఆరకముందే ఆవిడ మళ్ళీ సూదిలో దారం ఎక్కించింది. ఒప్పుకున్న పని సగంలో ఉంది మరి.

మేడ మీద గదిలో ఆవిడ బావగారు ఉండేవాడు, భర్తకి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. ఏదో ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది, కళ్ళు దెబ్బతిని మానేశాడు. తమ్ముడు పోయాక చుట్టాలు సీట్లమ్మని పక్కకి పిలిచి, "ఇంక ఆయన్నెందుకు నెత్తిన పెట్టుకుంటావు? ఏదైనా ఆశ్రమంలో చేర్పించెయ్యి," అన్నారు.

"చేర్పించాలంటే ముందు ఆ మాట ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. నాకు నోరు రాదు," అంది ఆవిడ. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

నిజానికి ఆయనతో బాధేమీ లేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ అనలేదు. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకుని కంచం పక్కన పెట్టుకునేవాడు. "అమ్మాయ్" అని పిలిచేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఆదివారం పొద్దున మాత్రం ఆయన వేరే మనిషి. ఆ రోజు ఫోన్లు వచ్చేవి. వయసులో ఉన్నప్పుడు ఆయన ఉప్పుకోట అనే ఆట ఒకటి రాశాడు. చదరంగంలా దానికి గళ్ళూ పావులూ ఉండవు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ చెప్తాడు. మిగతావాళ్ళు తలా ఒక మనిషిని కల్పించుకుని, వాడి పేరూ బలమూ బలహీనతా ఒక కాగితం మీద రాసుకుని, వాడిలా మాట్లాడతారు, వాడిలా సాహసాలు చేస్తారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఒక్కో కథ ఏళ్ళ తరబడి సాగేదట. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో జనం దాన్ని ఆడుతున్నారు. తగువు వస్తే పెద్దాయనకి ఫోన్ చేస్తారు.

"అయ్యా, మావాడు కోటగోడ దూకాడు. కింద కాపలావాడు చూసినట్టా, చూడనట్టా?"

ఆయన కళ్ళు మూసుకుని, "వాన పడుతోందా? వాడి చెప్పులు తడిసున్నాయా?" అంటూ తీరిగ్గా ఆరా తీసి తీర్పు చెప్పేవాడు. మెట్ల దగ్గర బట్టలు మడత పెడుతూ సీట్లమ్మ వినేది. ఇంత వయసొచ్చి ఈ గోడలు దూకే గోలేంటి వీళ్ళకి, అనుకుని నవ్వుకునేది.

తర్వాత ఆయనకి మరుపు మొదలైంది. ముందు కుళాయి కట్టడం మరిచాడు. తర్వాత మనుషుల్ని, ఆ తర్వాత తిన్న సంగతిని. ఒక ఆదివారం ఫోన్ మోగితే రిసీవరు తలకిందులుగా పట్టుకుని, "ఉప్పుకోటా? ఉప్పు కొట్టు సందు చివర ఉంది, అక్కడ అడగండి," అన్నాడు. అవతలివాడు పెద్దాయన పరాచికమాడుతున్నాడనుకుని విరగబడి నవ్వాడు. ఆ నవ్వు సీట్లమ్మకి చురుక్కుమని తగిలింది. ఆయన చేతిలోంచి రిసీవరు లాక్కుంది.

"ఆయనకి గొంతు బాలేదండీ. ఏం కావాలో చెప్పండి, కనుక్కుంటాను."

వాడు చెప్పాడు. ఆవిడ రిసీవరు మీద చెయ్యి పెట్టి బావగారి వైపు చూసింది. ఆయన చొక్కా గుండీ పక్క కాజాలో పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"దూకొచ్చట. బావగారు చెప్పమన్నారు," అంది ఫోన్లో.

అలా మొదలైంది. ఆయన్ని చూసి ఎవరూ నవ్వకూడదు, ఆవిడకి కావలసింది అంతే. చూడ్డానికి వస్తామన్నవాళ్ళని కూడా, "డాక్టరు వద్దన్నారు," అని ఆపేసింది. ఆదివారాలు ఆవిడే జవాబులు చెప్పింది. మర్యాదగా అడిగినవాడికి ఔనంది, గదమాయించినవాడికి కాదంది. వారంలో కుట్టు వంకరపోయి పని తిరిగొచ్చిందంటే ఆ ఆదివారం ఎవడో ఒకడు కందకంలో పడేవాడు. తాళం ఎంతకీ రావడం లేదని ఒకడు విసిగిస్తే, "రాకపోతే అది నీ తలుపు కాదు, వెళ్ళు," అని ఫోన్ పెట్టేసింది. ముందు ఒకటీ వెనక ఒకటీ, "బావగారు చెప్పమన్నారు" అని తగిలించడం మాత్రం మరవలేదు.

ఆ రోజుల్లోనే ఒకాయన ఫోన్ చేశాడు. బాగా తగ్గు గొంతు.

"ఆయనతోనే మాట్లాడాలండీ."

"మాట్లాడలేరు. నాకు చెప్పండి."

"మా ఆటలో ఒకడున్నాడండీ, పడవ నడిపేవాడు. వాణ్ణి ఆడే కుర్రాడు ఇప్పుడు లేడు. వాడి కాగితం నా దగ్గరుంది. ఇంకెవరికైనా ఇచ్చి ఆడించమంటారా, అలాగే ఉంచమంటారా? ఏం చెయ్యమంటారో కనుక్కోండి."

లేడు అంటే ఊళ్ళో లేడా, లోకంలోనే లేడా అని ఆవిడ అడగలేదు. వెనక మంచం మీద బావగారు బట్టలు పాడుచేసుకుని, ఆ చేతుల్తో గోడ తడుముతున్నాడు. పొద్దున్నుంచి దుప్పటి మార్చడం అది ఎన్నోసారో.

"చింపెయ్యమన్నారు," అంది.

"చింపెయ్యమన్నారా?"

"అవునండీ. పోయినవాడు పోయినట్టేనట. చింపేసి మిగతావాళ్ళు ఆడుకోండి. బావగారు చెప్పమన్నారు."

"సరేనండీ. ఆయనకి నా నమస్కారం చెప్పండి," అని పెట్టేశాడు. దుప్పటి నీళ్ళలో వేసేసరికే ఆవిడ ఆ సంగతి మరిచిపోయింది.

బావగారు ఒక మధ్యాహ్నం పోయాడు. కింద ఆవిడ డ్రైవరు సీటుకి తొడుగు ఎక్కిస్తోంది. గంజి తీసుకుని పైకి వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టుకుని తిప్పింది. గంజి గిన్నె కిటికీలో పెట్టి పక్కనే చతికిలబడింది.

నలుగురు చుట్టాలొస్తే గొప్ప అనుకుంది. కానీ అంతలోనే ఫోన్ చేసినవాడెవడికో, "ఆయన లేరండీ," అని చెప్పింది. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి వీధి నిండా మనుషులు. నెరిసిన తలలు, కాలేజీ పిల్లలు, యూనిఫారం విప్పకుండా వచ్చిన నర్సు, చంటిపిల్లని ఎత్తుకున్న తండ్రి. అందరూ ఏడుస్తున్నారు. కొందరైతే సొంత తండ్రి పోయినట్టు వెక్కి వెక్కి. ఒక్కొక్కరే పైకి వెళ్ళి ఆయన పాదాల దగ్గర తమ పాచికలు పెట్టి వస్తున్నారు.

ఎదురింటావిడ నోరు వెళ్ళబెట్టి, "మీ మేడ మీదాయన ఇంత గొప్పవాడని చెప్పలేదేంటమ్మా?" అంది.

సీట్లమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంతమందిలో ఒక్కళ్ళు వచ్చి ఒక్క పూట ఆ మంచం పక్కన కూర్చునుంటే తను కాస్త కన్ను మూసేది కదా అనిపించింది. ఆ వెంటనే, రానిచ్చింది ఎవరు గనక, అని కూడా అనిపించింది.

వాళ్ళకి పెద్దలా ఒక ఇన్సూరెన్సు ఏజెంటు ఉన్నాడు. బొద్దుగా ఉన్నాడు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. వాకిట్లో నిలబడి అందరికీ చెప్తున్నాడు: "చివరి రోజుల్లో ఆయన మాట కత్తిలా తయారైంది. ఒకప్పుడు అరగంట వివరించేవారు. తర్వాత ఒక్క ముక్క. 'రాకపోతే అది నీ తలుపు కాదు' అన్నారు నాతో. ఉద్యోగం పోయి తిరుగుతున్నానప్పుడు. ఆ మాట పట్టుకునే బతికాను."

సీట్లమ్మ అతని వంక చూసింది. విసిగించినవాడు ఇతనన్నమాట.

అప్పుడే ఒక సన్నటి మనిషి ఆవిడ దగ్గరకొచ్చాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి. కళ్ళద్దాలు అరగదీసే పని తనదని చెప్పుకున్నాడు. గొంతు వినగానే ఆవిడకి ఎక్కడో విన్నట్టనిపించింది.

"పడవవాడి కాగితం గురించి అడిగింది నేనేనండీ. మీరే అందుకున్నారు ఫోను." గోళ్ళలోని పొడి గిల్లుకున్నాడు. "వాణ్ణి ఆడింది మా అబ్బాయి. జ్వరం అనుకున్నాం, మెదడుకెక్కింది. బడి పుస్తకాలు అంతకుముందే పాతసామాను వాడికి వేసేశాం, మాకేం తెలుసు? వాడి చేతిరాత ఇంట్లో ఆ ఒక్క కాగితమే మిగిలింది. మా ఆవిడ చింపొద్దని కాళ్ళావేళ్ళా పడింది. పెద్దాయన చెప్పారు, వినాలి అన్నాను. ఆమె ముందే చింపాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవండీ. కంచం పెడుతుంది, వెళ్ళిపోతుంది." కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్కటే అడుగుతాను. ఆయన ఆలోచించే చెప్పారు కదా?"

ఔనంటే సరిపోయేది. అది ఆవిడకి తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో ఆయన్ని కిందకి దింపుతున్నామని పైనుంచి కేకేశారు. ఆవిడ తప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడకి మిషను మీద చెయ్యి నిలవలేదు. ఏజెంటుని అడిగి కళ్ళద్దాల మనిషి దుకాణం ఎక్కడో కనుక్కుంది. ఒకరోజు బస్సెక్కి వెళ్ళింది. ఇరుకు కొట్టు. గోడ మీద చూపు పరీక్షించే అక్షరాల అట్ట, పైన పెద్దవి, కిందకి వచ్చేకొద్దీ చిన్నవి. అతను సాన ముందు కూర్చుని అద్దం అంచు అరగదీస్తున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది.

సాన ఆగింది.

"అంటే ఆయన అనలేదా?"

"లేదు."

"నేనడిగింది ఆయన చెవిన వేశారా అసలు?"

"వెయ్యలేదు. వేసినా తెలిసేది కాదు. అప్పటికి ఆయనకి తన పేరే తెలీదు."

"మరి చింపమన్నదెవరు?"

"నేనే."

"మీకు ఆ ఆట తెలుసా?"

"తెలీదు."

అతను మళ్ళీ సాన తిప్పాడు. చేతిలో అద్దం లేదు. ఉత్తి సాన గిర్రున తిరుగుతుంటే దాన్నే చూస్తూ, "వెళ్ళండి," అన్నాడు.

కొన్నాళ్ళకి ఒక బడి హాల్లో సంతాప సభ పెట్టారు. పెద్దాయన ఆఖరి మాటలన్నీ పుస్తకంగా అచ్చు వేస్తామని ఏజెంటు ప్రకటించి, సీట్లమ్మని వేదిక మీదకి పిలిచాడు. ఆవిడ ఎప్పుడూ మైకు పట్టుకున్నది కాదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బావగారి మతిమరుపు, గుండీలు, గోడ, దుప్పట్లు, ఫోన్లు. "ఆ మాటలు ఆయనవి కావు. నావి. నోటికొచ్చింది చెప్పాను. అచ్చు వెయ్యకండి," అంది.

ఏజెంటు ముఖం పాలిపోయింది. క్షణంలో సర్దుకుని మైకు అందుకున్నాడు.

"అక్కయ్యగారు దుఃఖంలో ఉన్నారు. మనం అర్థం చేసుకోవాలి. ఆ మాటలు అనాలంటే ఉప్పుకోట రాసిన బుర్ర కావాలి. ఈవిడ పాపం ఆట ఆడి కూడా ఎరగరు."

ఒకడు చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ తర్వాత అందరూ. ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది గానీ మైకు అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉంది. వెనక వరసలో కళ్ళద్దాల మనిషి కూర్చుని ఉన్నాడు. అతనికి నిజం తెలుసు. లేచి ఒక్క మాట అంటాడేమోనని అటు చూసింది. అతను తల వంచుకున్నాడు.

సభ అయ్యాక బయట కుళాయి దగ్గర ఆవిడ ముఖం కడుక్కుంటుంటే అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను ఫోన్ చేసినప్పుడు ఏం చేస్తున్నారు మీరు?"

ఆవిడ చెప్పింది. దాచకుండా, గోడ సంగతితో సహా.

ఆవిడ వదిలేసిన కుళాయి అతను కట్టేశాడు. "మా ఆవిడకి చెప్పాను, మీరు వచ్చి వెళ్ళిన సంగతి. 'ఎవరో ఒకరు చెప్తే చింపేద్దామని కాచుకుని కూర్చున్నావు, అందుకే అడిగావు,' అంది. ఇన్నాళ్ళకి నాతో అన్న మొదటి మాట అది." గేటు వైపు చూశాడు. "నిజమేనేమో. ఆ కాగితం బల్ల మీద ఉంటే నాకు ఊపిరాడేది కాదు. కానీ మీరు ఉంచుకోమని ఉంటే ఉంచుకునేవాణ్ణి."

"తెలుసు," అంది సీట్లమ్మ.

"క్షమించానని నన్ను అనమనకండి."

"అడగనండీ."

అతను తలూపి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

పుస్తకం అచ్చయింది. "పోయినవాడు పోయినట్టే" అన్నది అట్ట మీదే పెద్దక్షరాల్లో వేశారట. ఒక కాపీ ఇంటికి పంపారు. ఆవిడ కట్టు విప్పలేదు. ఫోన్ తీయించేసింది. పైగది గోడకి సున్నం వేయించింది గానీ అద్దెకివ్వలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు, ఎవరో ఒకావిడ వచ్చి కార్ఖానా గుమ్మంలో నిలబడింది. సన్నగా, నిద్రలేని కళ్ళతో.

"సీట్లు కుట్టేది మీరేనా?"

"నేనేనమ్మా. ఏం బండి?"

ఆవిడ ఏ బండీ చెప్పలేదు. సీట్లమ్మ ముఖం వంక, చేతుల వంక, నోటి వంక తేరిపార చూసింది. చూడ్డానికే వచ్చినట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఎండలో పడి నడిచిపోయింది.

పడవవాణ్ణి ఆడిన కుర్రాడి తల్లి అని తట్టి, సీట్లమ్మ మిషను ఆపి గుమ్మం దాకా వెళ్ళింది. పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.