ఎండలో రెయిన్‌కోటు

ఇందాక ముసురు పట్టిందని రెయిన్‌కోటు మడత విప్పాను. ఆ రబ్బరు వాసనకు, మా ఊరు కేతేపల్లిలో మండుటెండలో పరుగెత్తిన మా అక్క గుర్తొచ్చింది.

అక్క అప్పట్లో కుస్తీ పోటీలకు వెళ్లేది. ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. అటువంటి రోజుల్లో ఒకనాడు ఆమె బాపు రెయిన్‌కోటు తొడుక్కొని ఇంటి ముందు పరుగెడుతుంటే, నేను ఆశగా మబ్బుల కోసం చూశాను.

"బాపూ, వానొస్తదా? అక్క కోటేస్కుంది!"

"వాన గాదు బిడ్డా. యాభై కిలోలు దాటితే అక్కను పోటీల నిలవనియ్యరట. చెమట పోయి బరువు తగ్గాలె," అన్నాడు బాపు.

అక్క అంతకు ముందురోజు నుంచి అన్నం ముట్టలేదు. నీళ్లు కూడా పుక్కిలించి ఉమ్మేసింది. "జర గుక్కెడన్న మింగరాదే," అని అవ్వ బతిమాలితే తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం బాపు ఆమెను పత్తి కొనే సేటు దుకాణానికి తీసుకెళ్లి కాంటా మీద నిలబెట్టాడు. ముల్లు యాభైకి కొంచెం ఇవతలే ఆగింది. ఏటా అదే కాంటా ముందు పత్తి తూకం తగ్గిందని కుంగిపోయే బాపు, ఆ రోజు బిడ్డ తూకం తగ్గిందని నవ్వాడు. అక్క పెదవులు నీళ్లు లేని మా చెలక నేలలాగే పగిలి ఉన్నాయి.

మర్నాడు ఆమెను పోటీకి రానిచ్చారు. మొదటి పట్టుకే ఒరిగిపోయింది.

అక్క కుస్తీ మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నీళ్ల గ్లాసు పెదవుల దాకా తెచ్చి, ఎవరినో అడుగుతున్నట్టు ఒక్క క్షణం ఆగి తాగుతుంది.