సంచి మీద ఇరవై అక్షరాలు

ఆ ఊళ్లో బోర్డుల పెద్దాయన చేతిరాత పడని వీధి లేదు. చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. అయితేనేం, ఆసుపత్రి గోడ మీద ‘నిశ్శబ్దం’ ఆయనదే, కోర్టు గుమ్మం మీద మూరెడు అక్షరాలు ఆయనవే, బస్సుల మీద నంబర్లూ ఆయనవే. నలభై ఏళ్లలో ఒక్క అక్షరమైనా చెరిపి మళ్లీ రాసిన పాపాన పోలేదు. యాభై ఎనిమిదో ఏట చెయ్యి వణకడం మొదలైతే కుంచె పక్కనపెట్టి, స్టిక్కర్లు కోసే యంత్రం కొన్నాడు. ఆ వయసులో కంప్యూటరు ముందు కూర్చుని దాన్నీ లొంగదీశాడు.

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున ఇంటి కింద షాపులో తల పట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటరు ఉన్నట్టుండి చచ్చిపోయింది. మెకానిక్కు వచ్చి కొత్త డిస్కు బిగించి, పాత సీడీతో సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. అది లైసెన్సు కీ అడిగింది. అక్షరాలూ అంకెలూ కలిపి ఇరవై. అవి రాసి ఉన్న అట్ట ఎప్పుడు ఏ చెత్తలో కలిసిపోయిందో తెలియదు. అమ్మిన కంపెనీ మూతపడి నాలుగేళ్లయింది.

బల్ల మీద పదకొండు చొక్కాలు. తెచ్చింది ఆయన మేనకోడలు, ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. నాలుగింటికి ఫైనల్. వీపున నంబరు లేకపోతే మైదానంలోకి రానివ్వరు.

“మిగతా రెండు షాపులవాళ్లూ సోమవారం రమ్మన్నారు మావయ్యా. పిల్లలు ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి!”

“కంగారెందుకే? నాకు కంఠతా వచ్చు,” అని ఆయన గడగడా చెప్పాడు. మెకానిక్కు కొట్టాడు. తప్పు. మార్చి చెప్పాడు. మళ్లీ తప్పు.

“పెద్దాయనా, ఇంకొక్కసారే. అదీ తప్పితే రేపటిదాకా తాళం పడిపోతుంది.”

టీ గ్లాసులతో వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది. “ఏమండీ, అప్పుడు నా సంచి పాడుచేశారే, ఆ రాతేనా మీరు వెతుకుతున్నది?”

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

“యంత్రం వచ్చిన రోజు. స్టిక్కర్ని బట్టకు వేడితో అతికించే హీట్ ప్రెస్సు పరీక్ష చెయ్యాలని నా కొత్త సంచి లాక్కుని, కళ్లెదుట అట్ట మీద ఏది ఉంటే అది కోసి అతికించేశారు. మార్కెట్లో అందరూ ‘ఇదేం భాషమ్మా’ అని అడిగేవాళ్లు. ‘మా ఆయన భాష’ అనేదాన్ని.”

“అత్తయ్యా, ఆ సంచి ఉందా?”

“డాబా మీద తీగకి వేలాడుతోంది. బట్టల క్లిప్పులు వేస్తున్నా.”

మేనకోడలు రెండేసి మెట్లు ఎక్కి పోయి సంచి తెచ్చింది. క్లిప్పులు గలగలా బల్ల మీద కుమ్మరించింది. ఒకప్పటి ముదురు నీలం సంచి పదకొండేళ్ల ఎండకు వెలిసి పేలవంగా తయారైంది. ఇరవైలో పద్నాలుగు అక్షరాలే నిలిచాయి, ఆరు ఊడిపోయాయి. ఆ పిల్ల ముఖం వాడిపోయింది.

పెద్దాయన మాత్రం సంచిని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి ఫక్కున నవ్వాడు. “అక్షరం పోతే పోయింది, దాని కింద రంగెక్కడికి పోతుందే?” నిజమే. ఇన్నాళ్లూ స్టిక్కరు కప్పి ఉంచిన చోట పాత నీలం అలాగే ఉంది. ఐదు ఇట్టే తేలిపోయాయి. ఆరోది మొరాయించింది.

“ఎనిమిది,” అన్నాడు మెకానిక్కు.

“కాదు, బీ,” అంది మేనకోడలు.

“బొమ్మా బొరుసూ వేసెయ్యండి,” అంది భార్య.

“నలభై ఏళ్లు అక్షరాలతో కాపురం చేసినవాడి ముందు బొమ్మా బొరుసా?” పెద్దాయన ఆ మచ్చ చుట్టూ వేలు తిప్పాడు. “బీకి ఎడమ పక్క వెన్ను నిటారుగా ఉంటుంది. దీనికి రెండు వైపులా నడుము సన్నం. ఎనిమిదే. కొట్టవయ్యా!”

మెకానిక్కు కొట్టాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. నలుగురి కళ్లూ దాంతోపాటే తిరిగాయి. చక్రం ఆగింది. పచ్చ టిక్కు!

“మా మావయ్యంటే ఏమనుకున్నారు!” అని మేనకోడలు మెకానిక్కు వీపు మీద ఒక్కటిచ్చింది. పాపం, అతను టీ ఒలకబోసుకున్నాడు. మూడింటికల్లా పదకొండు చొక్కాలూ వీపున నంబర్లతో వెచ్చవెచ్చగా మూటలోకి చేరాయి.

సాయంత్రం పెద్దాయన మైదానం నుంచి ఇంటికి రాగానే భార్య అడిగింది. “ఎవరు గెలిచారండీ?”

“మనవాళ్లేననుకుంటా, కప్పు పట్టుకుని గంతులేశారు. నేను వీపులు చూస్తూ కూర్చున్నానే! వాన పడింది, బురదలో దొర్లారు, ఒకళ్ల చొక్కాలు ఒకళ్లు పట్టి లాగారు. పదకొండింటిలో ఒక్క అంకె అంచు లేస్తే ఒట్టు!”