అందరూ అంటే ఎంతమంది?

ఎంతమంది మాస్టారి ముందు 'అందరూ' అనే మాట పొరపాటున కూడా అనకూడదు. అన్నామా, ఆ పూటకి మన పని గోవిందా.

కాలేజీలో సైకాలజీ చెప్పే ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. బస్సులో కండక్టరు "అందరూ టికెట్ తీసుకున్నారా?" అని మాటవరసకి అడిగితే, ఈయన లేచి ముందు నుంచి వెనకదాకా ఒక్కొక్కరినీ వాకబు చేసి, "నలభై ఒక్కమందిలో ఒకరు తీసుకోలేదు" అని తేల్చారు. ఆ ఒక్కరూ ఆయనే. "ఇంట్లో అందరూ కులాసానా?" అని ఎవరైనా పలకరిస్తే, "ముగ్గురం. ఇద్దరం కులాసా. మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు" అని జవాబు.

లైబ్రేరియనమ్మకి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆయన జిగురు డబ్బా పట్టుకుని లైబ్రరీలోకి అడుగు పెట్టేదాకా.

సైకాలజీ పాఠ్యపుస్తకం చూస్తే ఆయనకి ఒళ్లుమంట. దాన్ని ఆవిడ బల్లమీద పరిచి మొదలుపెట్టేవారు.

"చూడమ్మా! ప్రతి ప్రయోగమూ ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది. శాస్త్రవేత్తగారు గడ్డం నిమురుకుంటూ ఫొటో దిగుతారు. ఫలితం చూసి ఆయనే నిర్ఘాంతపోయారట! ఇదిగో, 'తప్పని తెలిసీ గదిలో అందరూ తలూపారు'. అందరూ అంటే ఎంతమంది? అసలు నివేదిక తెప్పించి చదివాను. ముప్పైమందిలో పదకొండుమంది ఊపలేదు. ఇంకొకాయన కునికిపాట్లు పడుతున్నాడు. అదీ ఊపడం కిందే రాసుకున్నారు!"

"బాగానే ఉంది గానీ మాస్టారూ, పుస్తకాలకి మాత్రం ఏమీ అంటించకండి."

"ఛ, ఎందుకు అంటిస్తాను?"

మర్నాటికి ఇరవై మూడు ప్రతుల్లోనూ చీటీ: 'పదకొండుమంది ఊపలేదు. ఒకరు నిద్ర.' రెండేళ్లలో పుస్తకాలు ఉబ్బి బీరువా తలుపులు పడటం మానేశాయి.

నిజానికి ఆ పుస్తకమంటే లైబ్రేరియనమ్మకీ పడదు. దానికి కారణం నూట పన్నెండో పేజీ. అక్కడొక ఫొటో: వరండా నిండా చెదిరిన కాగితాలు, వాటిని దాటుకుని వెళ్లిపోతున్న ఒక యువతి. కింద 'కాగితాలు ఏరడానికి ఒక్కరూ ఆగలేదు. మనిషి నిర్లక్ష్యానికి ఇదే సాక్ష్యం' అని రాసి ఉంటుంది. ఆ యువతి లైబ్రేరియనమ్మ తల్లి. అప్పట్లో ప్రయోగం జరిగిన ఆ భవనంలోనే టైపిస్టు. పన్నెండేళ్ల కిందట ఆ పేజీ ఒకసారి చూసి పుస్తకం మూసేసిన తల్లి మళ్లీ లైబ్రరీ గడప తొక్కలేదు. వాన పడితే గొడుగు తెచ్చి గేటు బయటే నిలబడుతుంది. ఆ సంగతి ఎత్తడానికి కూతురికి నోరు రాలేదు.

ఇంతలో ప్రిన్సిపాల్ ఉత్తర్వు. శుక్రవారంలోగా ఒక్క చీటీ కనబడకూడదు, మాస్టారిని ఇక లైబ్రరీలోకి రానివ్వకూడదు.

ఆవిడ తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. నూట పదకొండో పేజీ అయింది. ఇన్నేళ్లూ తను తెరవని పేజీ తిప్పింది. ఫొటో పక్కన అన్నిటికన్నా పెద్ద చీటీ.

'ఈమె ఆగని మాట నిజం. కిటికీలోంచి గాలి కొడుతోంది. ముందు వెళ్లి కిటికీ మూసింది. తిరిగొచ్చి కాగితాలన్నీ ఏరి, వరసగా సర్ది ఇచ్చింది. శాస్త్రవేత్త అరనిమిషానికే లెక్క ముగించారు. చూడుము: అసలు నివేదిక, ఆఖరి పేజీ, అడుగున చిన్న అక్షరాలు.'

పుస్తకం చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి ఒకటే పరుగు. తల్లి కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"మరి? గాలి వేస్తుంటే ఎన్నిసార్లు ఏరినా ఎగురుతాయి కదే! అంత చదువుకున్నవాళ్లకి ఆమాత్రం తెలీదూ?"

"నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వు అడిగావుటే?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి తల్లి కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది.

మర్నాడు ఆవిడ మాస్టారిని నిలదీసింది. "మా అమ్మ అని మీకెలా తెలుసు?"

"గొడుగుతో గేటు దగ్గర చూసి పోల్చుకున్నాను. ఆ ఒక్క పేజీకే అంటిస్తే అందరూ..." అని ఆయన నాలిక్కరుచుకున్నారు. "ఒక పదిమందైనా ఆవిడెవరని ఆరా తీస్తారు. అందుకని పుస్తకమంతా అంటించాల్సి వచ్చింది. రెండేళ్లు పట్టిందమ్మా."

శుక్రవారం ప్రిన్సిపాల్ విసవిసా వచ్చారు. "ఇంకా పీకలేదా? అందరూ ఫిర్యాదు చేస్తున్నారు!"

లైబ్రేరియనమ్మ నెమ్మదిగా తలెత్తింది. "అందరూ అంటే ఎంతమందండీ?"

ఆయన వేళ్లు మడవబోయి మొదటి వేలు దగ్గరే ఆగిపోయారు. మూలబల్ల దగ్గర ఒక పెద్దావిడ జిగురు డబ్బా ముందేసుకుని, మాస్టారు వంకరగా అంటించినవన్నీ తీసి తిన్నగా అంటిస్తోంది. ఆవిడ తలెత్తకుండానే అంది:

"బాబూ, కాస్త ముందు ఆ కిటికీ వేసి రండి. చీటీలు ఎగిరిపోతున్నాయి."

ప్రిన్సిపాల్ వెళ్లి కిటికీ మూశారు. ఎంతసేపు పట్టిందో గుమ్మం బయట నిలబడ్డ మాస్టారు గడియారం చూసి రాసుకున్నారు.