ఆదివారం ఉదయపు ఆట, మా బావమరిది మీసం

1994 మే నెల, మూడో ఆదివారం. సాయంత్రం నాలుగు గంటలకి ఢిల్లీలో మా జనక్‌పురి ఇంట్లో ఉన్నవారు: నేను, మా ఆవిడ, ఆ పూటే రైలు దిగి వచ్చిన మా బావమరిది. లేనిది మా అమ్మాయి.

ఆ రోజు డైరీలో ఇంతే ఉంది, మిగతాది రాయలేదు. మొన్న మా అమ్మాయి ఇంట్లో, తెర మూల పదమూడేళ్ళ అంకె ఉన్న సినిమా ఒకటి మనవడు పెట్టుకుంటే, వాడికింకా తొమ్మిదే కదా అని అమ్మాయి ఆపేసింది. మరీ ఇంత చాదస్తమా, అందులో ఏముందో చూడకుండానే అంకె వేస్తారా అని మా అల్లుడు నవ్వితే, వాళ్ళకేం తెలుసు అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. దానికి ఏం గుర్తుందో నేను అడగలేదు గాని, ఇంటికి వచ్చి పాత డైరీ తీశాను.

ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు, తెలుగు సినిమా అంటే మనకి ఎప్పుడో ఒక ఆదివారం ఉదయం, ఎవరో నలుగురు పూనుకుని హాలు అద్దెకు తీసుకుని, రీళ్ళ పెట్టెలు రైల్లో తెప్పించి వేసే ఒక్క ఆట. మయూర్ విహార్ నుంచి, సరోజినీ నగర్ నుంచి బస్సులు మారి, పులిహోర డబ్బాలతో, పిల్లాపాపలతో దిగేవాళ్ళం. ఏ సినిమా అని అడిగినవారు లేరు, తెలుగైతే చాలు. ఆ ఆదివారం బొమ్మకి ముందు పడిన సర్టిఫికెట్ మీద యు/ఎ అని ఉంది, అంటే పన్నెండేళ్ళ లోపు పిల్లలు పెద్దల తోడుతో చూడవచ్చునని. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, తోడు నేనున్నాను. "అయినా మన పిల్లలకి తెలుగెక్కడ అర్థమై చచ్చింది లెండి" అని పక్క సీటాయన అంటే వరుసంతా నవ్వింది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ సినిమాలో మీసాల మనిషి ఒకడు చెల్లెలి ఇంటికి చుట్టంగా వస్తాడు, కడుపునిండా భోంచేస్తాడు, చెయ్యి కడుక్కుని వచ్చి బావని వాకిట్లోకి లాక్కుపోయి నరుకుతాడు. ఆ బావ ఎంత ద్రోహో, ఎందరి కొంప తీశాడో అంతకు ముందు అరగంట సేపు మాటల్లో చెప్పారు కనుక హాలంతా ఈలలు వేసింది. మాటలు తెలియని పిల్లకి ఆ అరగంట లేదు, నరకడం ఒక్కటే ఉంది. తెర మీది చిన్నపిల్ల అతన్ని మామా అని పిలవడం మాత్రం దానికి అర్థమైంది. "పాపా, మామా నే క్యోం మారా?" అని, మామ ఎందుకు చంపాడు నాన్నా అని నా చెయ్యి పట్టుకుంటే, సినిమాయే కదా బేటా అన్నాను.

ఆ బుధవారం మా ఆవిడకి ఆపరేషన్. అమ్మాయిని రాయలసీమలో వాళ్ళ అవ్వ దగ్గరికి తీసుకుపోవడానికి బావమరిది వచ్చాడు, మర్నాడు ఉదయమే తిరుగు రైలు. మనవరాలు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు మా అత్తగారు చూసిందే, ఈ మామని అమ్మాయి చూడడం అదే మొదలు. బావమరిది బడిపంతులు, చీమకి కూడా దారి ఇచ్చే మనిషి, కాని ఆరడుగుల ఎత్తు, చెంపల దాకా మీసం. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, నా భుజం పట్టుకుని, "రా బావా, అట్ల బయట మెట్ల మీద కూచుందాం, ఇంట్లో ఉడుకు" అన్నాడు. మేము తిరిగి లోపలికి వచ్చేసరికి వెనక తలుపు తీసి ఉంది, అమ్మాయి లేదు.

పార్కు చూశాం, పాల బూత్ చూశాం. పెద్ద రోడ్డు మీద బస్సులు ఎలా పోతాయో తెలిసినవాణ్ణి కనుక అటు చూడడానికే భయపడ్డాను. మా ఆవిడ గోడ పట్టుకుని నిలబడిపోయింది. తలుపు తలుపూ కొట్టుకుంటూ పోతే, వెనక బ్లాకులో ఒంటరిగా ఉండే సర్దార్నీ ఆంటీ తలుపు ఒక్కటే తెరుచుకోలేదు. పదేళ్ళ కిందట సిక్కుల మీద దాడులు జరిగినప్పుడు ఆ తలుపు ఎవరు కొట్టారో, ఆమె భర్త ఏమయ్యాడో కాలనీలో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు.

"భాయీసాబ్, ఆప్ ఠీక్ హో? చోట్ తో నహీ లగీ?" అని తలుపు వెనకనుంచి గొంతు. నాకు దెబ్బ తగిలిందా అని ఆమె ఎందుకు అడుగుతోందో తెలియక నేను తెల్లబోతే, నా వెనకనున్న బావమరిది, "బంగారూ, మామను వచ్చినా, రామ్మా" అని పిలిచాడు. లోపల మా అమ్మాయి కేక పెట్టింది. ఆ కేక విన్నాక నాకంతా అర్థమైంది.

"పహలే ఉస్ ఆద్మీ కో దూర్ భేజో!" అని ఆమె అరిచింది. ముందు ఆ మనిషిని దూరంగా పంపమని. అప్పటికే చుట్టూ జనం చేరారు, ఎవడీ మీసాలవాడు అంటూ ఇద్దరు అతని చెరో చెయ్యీ పట్టుకున్నారు. హిందీ ఒక్క ముక్క రాని మనిషి, "ఏమంటాండారు బావా? నేనేం జేసినా?" అని నా వైపు చూశాడు. వాళ్ళకి నేను చెప్పి విడిపిస్తే, తానే గేటు అవతలి దాకా నడిచి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. అమ్మాయి నా మెడ, చేతులు తడిమి తడిమి చూసుకుంది.

రాత్రి అతనికి సినిమా సంగతి చెప్పాను. "చిన్నబిడ్డ గదా బావా, దాన్ని అనేదేముంది. బిడ్డలు చూడొచ్చని రాసినోళ్ళను అడగాల" అన్నాడు.

ఇప్పుడు ఏడని, పదమూడని, పదహారని అంకెలు పెరిగాయి. నరకడమూ పెరిగింది, పిల్లలు చెవులకి తీగలు తగిలించుకుని ఒంటరిగా చూస్తున్నారు. క్యోం మారా అని అడగడానికి పక్కన ఎవరి చెయ్యీ ఉండడం లేదు.

ఆ సోమవారం ఉదయం, మనసు మారుతుందేమోనన్న ఆశతో అమ్మాయిని స్టేషన్ దాకా తీసుకువెళ్ళాను. రైలు పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా నడుము పట్టుకుని బిగుసుకుపోయింది. బావమరిది బలవంతం చెయ్యలేదు, దాని బట్టల సంచి నా చేతికి ఇచ్చి ఒక్కడే ఎక్కాడు. కిటికీ దగ్గర కూర్చుని, భుజాన ఉన్న తువ్వాలు తీసి ముక్కు దాకా చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేలా, చెయ్యి ఊపాడు. అమ్మాయి నా వెనకనుంచి తొంగి చూసింది.

"పాపా, ఇన్‌కీ ఆంఖే తో మమ్మీ జైసీ హై" అంది.

రైలు కదిలింది. పాప నీ కళ్ళు వాళ్ళమ్మ కళ్ళలా ఉన్నాయంటోంది అని అరుస్తూ నేను కిటికీ వెంట కొంతదూరం పరుగెత్తాను గాని, ఆ రొదలో అతనికి వినపడినట్టు లేదు. తువ్వాలు తియ్యకుండా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.