మా బాపు వేళ్ళ మధ్య

నా చిన్నప్పుడు మా బాపు కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాల్సిందే. ఇంట్లో ఉన్నంతసేపూ బీడీ, ఆదివారం చర్చిలో గిటారు బిళ్ళ. ఆ రెండు వేళ్ళూ ఊరికే ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. అన్నం తినేటప్పుడు కూడా గబగబా ముద్దలు మింగి వాటిని ఖాళీ చేసుకునేవాడు. మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. బాపుది భూమి లోపల బొగ్గు పని. గని అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా దగ్గర అందరూ బాయి అనే అంటారు.

గిటారు తీగెలు మీటే చిన్న ముక్కను ఇప్పటి పిల్లలు పిక్ అంటున్నారు. రంగురంగులవి షాపుల్లో దొరుకుతున్నాయి. అప్పుడు మా ఊళ్ళో అలాంటివి ఎక్కడివి? బాపు తనే చేసుకునేవాడు, బిళ్ళ అనేవాడు. సబ్బుపెట్టె మూత, విరిగిన స్కేలు, పాత రేడియో డబ్బా అంచు, ఏది కంటబడినా కత్తెరతో కోసి, గచ్చు మీద రుద్ది, నున్నగా వచ్చిందో లేదో పెదవికి ఆనించి చూసుకునేవాడు. చప్పట్లు కొట్టి పాడే పాటలకు పల్చటి బిళ్ళ కావాలి. సమాధుల దగ్గర పాడే పాటలకు మందంగా ఉండాలి. సబ్బుపెట్టె బిళ్ళది పిల్లి గొంతనీ, స్కేలు బిళ్ళది తహసీల్దారు గొంతనీ వెక్కిరించేవాడు. ఆయన మనసుకు పూర్తిగా నచ్చింది మాత్రం కొమ్ము బిళ్ళ ఒక్కటే. అది మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బర్రెకొమ్ము దువ్వెన. దానికి ఇంకా సగం పళ్ళు ఉండగానే మా బాపు కత్తి పెట్టాడు.

“నీ బిళ్ళల పిచ్చి మన్నువడ! నేను తల దేనితోని దువ్వుకోవాలె, నీ గిటారుతోనా?” అని అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. బాపు ఆ ముక్కతో ఒక్క తీగె మీటాడు. లోతుగా, మెత్తగా, గది అంతా నిండిన చప్పుడు. అమ్మ గరిటె దించేసి, కూర మాడుతోందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. తెలిసేనాటికి బాపు చర్చిలో ఒక చరణం దాటి పాడలేకపోతున్నాడు. రెండో చరణం రాగానే ముఖం పక్కకు తిప్పుకుని దగ్గి, ఆ తర్వాత వట్టి గిటారు వాయించేవాడు. మిగతాది జనమే పాడేవాళ్ళు. ఆయన గొంతు అంటే నాకు ప్రాణం. దవాఖానలో డాక్టరు ఛాతీ ఫోటోను వెలుగుకు పట్టి చూసి, బొగ్గుదుమ్ము ఎలాగూ తప్పదు, దాని మీద బీడీ కూడా అయితే ఊపిరి మిగలదని చెప్పాడట. ఆ మాట అమ్మ పక్కింటి అక్కతో చెప్పి ఏడుస్తుంటే విన్నాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. బాపు దగ్గినప్పుడల్లా తర్వాతి శ్వాస కోసం నేను ఎదురుచూసేదాన్ని.

మానెయ్యాలని ఆయనకూ ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో లేచి నిలబడి అందరి ముందు ఒట్టు వేశాడు. సాయంత్రానికి క్వార్టర్ వెనక గోడ దగ్గర పొగ లేచింది. అమ్మ కట్టలకు కట్టలు పొయ్యిలో వేసింది. ఆయన ఇంకో చోట దాచాడు. ఎక్కడ దాచాడో ఒక ఆదివారం ఊరంతటికీ తెలిసింది. పాట మంచి ఊపులో ఉండగా గిటారు కడుపులోంచి అగ్గిపెట్టె గలగలలాడింది. పాస్టరు గారు కళ్ళు మూసుకునే నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. ఈయన ఒట్లను నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమేనని తేల్చేసింది.

ఇక నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. బాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు. లోపల గ్యాసు ఉంటే ఒక్క నిప్పురవ్వకు అందరి ప్రాణాలూ పోతాయి. అందుకని దిగేముందు జేబులు, బొడ్డు దగ్గరి మడతలు తడిమి చూస్తారు. బాయి గేటు ఎదురుగా ఒక అవ్వ చిన్న చాయ్ హోటల్ నడిపేది. డ్యూటీకి వచ్చినవాళ్ళంతా తమ బీడీ కట్టను ఆ హోటల్ చూరులో దోపి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళది. షిఫ్టు దిగి, ముఖం కూడా కడుక్కోకుండా, నల్లటి చేతులతో వచ్చి అడిగితే, అవ్వ ఎవరిది వాళ్ళకు తీసి ఇచ్చేది. బడికి సెలవున్న ఒకరోజు, బాపు ఫస్ట్ షిఫ్టుకు దిగాక, నేను ఒక్కదాన్నే అక్కడికి నడుచుకుంటూ పోయాను.

“అవ్వా, మా బాపు కట్ట ఇయ్యకు. ఎవరో ఎత్తుకపోయిన్రని చెప్పు” అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

అవ్వ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తను గిన్నెలు తోముతూనే మాట్లాడింది.

“నేను ఇయ్యనంటే ఏమైతదో ఎరుకనా బిడ్డా? రేపటి సంది మీ బాపు నా చూర్ల పెట్టడు. ఇంకొకడు గూడ పెట్టడు. బొడ్లె దోపుకొని దొంగతనంగ దిగుతరు. అప్పుడు ఒక్క మీ బాపుతోని పోతదా? అడిగిన్నాడు ఇస్తనన్న నమ్మకం మీదనే గదా నా దగ్గర ఇడిసిపోతరు.” తడి చేత్తో చూరు వైపు చూపించింది. “గింత మంది గంత సేపు బీడీ లేకుంటనే లోపల పని చేస్తుండ్రు. మానిన్రా? మానలె. పైన ఉన్నది, యాడికీ పోదు అన్న ధీమా. గంతే.”

నాకు అప్పుడు సగమే అర్థమైంది. కోపం కూడా వచ్చింది, ఇంత చెప్పినా పని కాలేదని. కానీ తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆ మాటే తలలో తిరిగింది. మా అమ్మ పొయ్యిలో వేసింది. డాక్టరు పారెయ్యమన్నాడు. దాచిపెడతానని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం బాపు ఇంటికి రాగానే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఇల్లు కూడా బాయే, లోపలికి పోవాలంటే కట్ట నా దగ్గర పెట్టాలి, అడిగినప్పుడు ఇస్తాను అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక నా ముఖం చూసి ఏమనుకున్నాడో, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. నేను జేబులు తడిమి కట్టా, అగ్గిపెట్టే తీసుకుని నా బడి సంచిలో పెట్టుకున్నాను.

ఒక గంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఆయన లేచాడు, కూర్చున్నాడు, మంచం నులక బిగించాడు, మళ్ళీ లేచాడు. గిటారు తీసి సబ్బుపెట్టె బిళ్ళతో వాయించి విసిరేశాడు, స్కేలు బిళ్ళ తీశాడు, అదీ విసిరేశాడు. చివరికి నా ముందుకొచ్చి “తే బిడ్డా” అన్నాడు. ఆయన కళ్ళలోకి చూస్తే భయమేసింది. వంటింట్లోంచి అమ్మ వద్దు వద్దని సైగ చేస్తోంది. ఇస్తే మా బాపు ఊపిరి నేనే తీసినట్టు, ఇవ్వకపోతే నా మాట పోయినట్టు. సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన బయటికి వెళ్ళి తాగి వచ్చాడు. ఆ పూట అమ్మ నాతో మాట్లాడలేదు.

కానీ మర్నాడు నేను అడగకముందే ఆయన గుమ్మం దగ్గర ఆగి చేతులు పైకెత్తాడు.

అలా మొదలైంది. అడిగిన ప్రతిసారీ ఇచ్చాను. ఎన్నోసార్లు అడిగాడు, కోపంగా అడిగాడు, బతిమాలుతూ అడిగాడు. తనతో పనిచేసే ఆయన బాయిలో పైకప్పు కూలి చనిపోయిన వారమంతా రోజూ అడిగాడు. ప్రతిసారీ సంచి విప్పాను. కొన్ని సాయంత్రాలు అడగబోయి ఆగి, “ఇల్లు గూడ బాయే అన్నవు గదా, ఇయ్యాల డబుల్ డ్యూటీ చేస్త తీ, ఇంకొంచెంసేపు నీ దగ్గరనే ఉండనీ” అని కొమ్ము బిళ్ళ అందుకునేవాడు. అది మోగిందంటే ఆ పూట గడిచినట్టేనని మా అందరికీ తెలుసు. అమ్మ కూడా పొయ్యి దగ్గర చేతిలో పని ఆపి వినేది. ఆ పిల్లి గొంతు బిళ్ళా, తహసీల్దారు బిళ్ళా మెల్లగా ఏ మూలకు చేరాయో కూడా తెలియలేదు.

ఎప్పుడు అడగడం మానేశాడో చెప్పలేను. మంచి రోజులు డప్పు కొట్టి రావు కదా. ఒక క్రిస్మస్ ఆరాధనలో రెండో చరణం వచ్చింది, బాపు ముఖం తిప్పుకోలేదు. మూడో చరణం కూడా పాడాడు. గొంతు కాస్త గరుకుగా ఉంది, అంతే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు పాట ఏమిటో కూడా తెలియలేదు, ఆయన ఊపిరి ఒక్కటే వింటూ కూర్చున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, బాపు రిటైరై సెంటినరీ కాలనీలో మా ఇంట్లో ఉన్నప్పుడు, చూడవచ్చిన ఆయనెవరో ఎట్లా మానినవన్నా అని అడిగాడు. బాపు నా వైపు చూసి అన్నాడు. “నేనేడ మానిన? నా బిడ్డ దగ్గర దాచిపెట్టిన. దానికెరుక, అడిగితే ఇస్తది. అందుకే బేఫికర్.”

ఇప్పుడు ఆయన లేడు. నేను టీచరుగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలు ఎన్నో తెచ్చి నా చేతిలో పెట్టారు. కొన్ని వస్తువులు, ఎక్కువగా ఎవరితోనూ చెప్పుకోలేని మాటలు. అన్నీ దాచాను, అడిగిన రోజు ఎందుకని అడక్కుండా తిరిగి ఇచ్చాను. మనుషులను పట్టుకుని ఉండటానికి నాకు తెలిసిన దారి అదొక్కటే, అది ఆ హోటల్లో నేర్చుకున్నదే.

కానీ సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళ బస్సు కాలనీ ముందు ఆగిన చప్పుడు వింటే మాత్రం నా మనసు నా మాట వినదు. ఒక్కసారి, కోపంగానే అయినా సరే, ఆ నల్లటి చెయ్యి నా ముందుకు చాపి “తే బిడ్డా” అంటే చాలుననిపిస్తుంది. ఆయన ఏది అడిగినా మారు మాట లేకుండా ఇచ్చేస్తాను.